బోల్టు మేకు కాదు: ఫుట్‌పెగ్ ఎందుకు విరుగుతుంది, ఎలా బాగు చేసుకోవాలి

ముందే ఒక క్లారిటీ. ఇక్కడ జైపూర్ అంటే రాజస్థాన్‌లోది కాదు. మంచిర్యాల నుంచి చెన్నూరు పోయే రోడ్డు మీద, సింగరేణి వాళ్ల 1200 మెగావాట్ల థర్మల్ పవర్ ప్లాంట్ ఉన్న మన జైపూర్. ఈ పక్క తార్రోడ్డు దిగితే ఎర్రమట్టి బాటలు, గోదావరి వైపు ఇసుక, బొగ్గు టిప్పర్లు తిరిగి తిరిగి గుంతలు పడ్డ రోడ్లు. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 2016లో, హీరో ఎక్స్‌పల్స్ 200 2019లో వచ్చాక ఇలాంటి దారుల్లో బండి నడపడం మన వయసు వాళ్లకి కూడా అందుబాటులోకి వచ్చింది. బండి గురించి మాట్లాడేటప్పుడు ఇంజిన్, టైర్లు, సస్పెన్షన్ గురించి గంటలు గంటలు చెప్పుకుంటాం. కాళ్లు పెట్టుకునే ఫుట్‌పెగ్ గురించి ఎవరూ మాట్లాడరు, అది విరిగే దాకా.

నేను కంప్యూటర్ సైన్స్ వాణ్ణి. మెకానికల్ ఫ్రెండ్స్ ఇది చదివి నవ్వుకోవచ్చు, పర్లేదు. ఈ పాఠం బండి ఉండి బోల్టు గురించి ఎప్పుడూ ఆలోచించని వాళ్ల కోసం.

ఏం ప్రమాదం?

గుంతల రోడ్డు మీద సీటులో కూర్చోకుండా నిలబడి నడపడం స్టైల్ కోసం కాదు. నిలబడితే మన మోకాళ్లే సస్పెన్షన్ అయిపోతాయి, బండి కింద ఎగిరినా మనం ఎగరం. అయితే అప్పుడు మన బరువంతా సీటు మీద నుంచి రెండు ఫుట్‌పెగ్‌ల మీదకి దిగుతుంది. చాలా బండ్లలో ఒక్కో పెగ్ ఒక బ్రాకెట్‌కి ఉంటుంది, ఆ బ్రాకెట్ రెండు బోల్టులతో ఫ్రేమ్‌కి ఉంటుంది. అంటే మొత్తం మనిషి నాలుగు బోల్టుల మీద నిలబడ్డాడన్నమాట.

వాటిలో ఒకటి విరిగితే రెండోది ఎక్కువ సేపు ఆగదు. నిలబడి ఉన్న మనిషికి ఒక కాలి కింద ఆధారం పోతే ఒళ్లు ఒక పక్కకి పడుతుంది, పట్టుకున్న హ్యాండిల్ కూడా అటే తిరుగుతుంది. కుడి వైపు పెగ్ పోతే ఇంకో గొడవ: వెనక బ్రేక్ పెడల్ అక్కడే ఉంటుంది కాబట్టి ఆ బ్రేక్ కూడా పోయినట్టే. వెనక లోడు టిప్పర్ వస్తున్న రోడ్డు మీద ఇది జరిగితే ఏమవుతుందో నేను రాయక్కర్లేదు.

విరిగితే మనం మామూలుగా ఏమంటాం? "బోల్టు వీక్‌గా ఉంది, గట్టిది వేయాలి" అంటాం. ఈ వ్యాసంలో నేను చెప్పదలుచుకున్న ఒక్క విషయం ఏంటంటే, చాలాసార్లు బోల్టు వీక్ కాదు, బిగింపు వీక్. బిగింపు సంగతి చూడకుండా గట్టి బోల్టు వేస్తే అదీ విరుగుతుంది, కాకపోతే కొన్నాళ్లు ఆగి.

బొగ్గుబాయిలో ఉన్న పాఠం

మేకు ఎలా పని చేస్తుంది? గోడకి కొడతాం, దానికి చొక్కా తగిలిస్తాం, ఆ బరువు మేకు ఒంటి మీద పడుతుంది. బోల్టు కూడా అంతే అనుకుంటాం. కాదు. బోల్టు ఒక స్ప్రింగ్. బిగించినప్పుడు అది కొంచెం సాగుతుంది. మళ్లీ పొట్టిగా అవ్వాలని చూస్తూ రెండు ముక్కల్ని ఒకదానికొకటి నొక్కి పెడుతుంది. ఆ నొక్కుడు వల్ల ముక్కల మధ్య రాపిడి పుడుతుంది. బరువు మోసేది ఆ రాపిడే. సరిగ్గా బిగించిన జాయింట్‌లో బోల్టుని అడ్డంగా కోసే బలం దాని మీద దాదాపు పడదు.

సింగరేణి ఇళ్లల్లో పెరిగిన వాళ్లకి ఇది కొత్త కాదు. అండర్‌గ్రౌండ్ గనిలో పైకప్పు ఒకే బండరాయిలా ఉండదు, పొరలు పొరలుగా ఉంటుంది. వదిలేస్తే ఒక్కో పొరా విడిగా వంగి కిందికి ఊడుతుంది. అందుకే కప్పులోకి రంధ్రం చేసి, సిమెంట్ క్యాప్సూల్ గానీ రెసిన్ క్యాప్సూల్ గానీ పెట్టి, పొడవాటి ఉక్కు కడ్డీ దించి, కింద ప్లేట్ పెట్టి నట్ బిగిస్తారు. దాన్నే రూఫ్ బోల్టింగ్ అంటారు. పొరలన్నీ ఒకదాని మీద ఒకటి జారకుండా ఒకే మందపాటి దూలంలా పని చేయాలన్నది అందులో ఒక ముఖ్యమైన ఆలోచన. బోల్టు వేసి ఊరుకోరు, లాగి కూడా చూస్తారు, పట్టు ఎంతుందో తెలియాలి కదా.

నమ్మకం కుదరకపోతే రెండు ప్లాస్టిక్ స్కేళ్లు తీసుకోండి. ఒకదాని మీద ఒకటి పెట్టి వంచితే సులువుగా వంగుతాయి, మధ్యలో జారడం కనిపిస్తుంది. వాటినే జారకుండా గట్టిగా అతికించి వంచండి. లెక్క ప్రకారం ఇప్పుడు నాలుగు రెట్లు గట్టిగా ఉంటాయి. స్కేళ్లు అవే, మారింది జారుడు ఒక్కటే. ఫుట్‌పెగ్ బ్రాకెట్, ఫ్రేమ్ కూడా ఆ రెండు స్కేళ్లే.

కొంచెం లెక్క చూద్దాం

భయపడకండి, గుణింతం, భాగహారమే. మీ బండికి అసలు కొలతలు మాన్యువల్‌లో ఉంటాయి. ఇక్కడ ఉదాహరణకి ఒక్కో బ్రాకెట్‌కి ఎం8 సైజు, 8.8 గ్రేడు బోల్టులు రెండు అనుకుందాం.

గ్రేడు నంబర్‌లో మొదటి 8 అంటే చదరపు మిల్లీమీటరుకి సుమారు 800 న్యూటన్ల దగ్గర తెగుతుందని. రెండో 8 అంటే అందులో 80 శాతం దగ్గర శాశ్వతంగా సాగిపోతుందని. ఎం8 మర దగ్గర పని చేసే వైశాల్యం 36.6 చదరపు మిల్లీమీటర్లు. సుమారు 25 న్యూటన్ మీటర్ల టార్క్‌తో బిగిస్తే ఒక్కో బోల్టులో దాదాపు 16 కిలోన్యూటన్ల బిగింపు వస్తుంది. అంటే 1,600 కిలోల బరువు వేలాడదీసినట్టు. చేతిలో పట్టే బోల్టుకి అంత!

ఇప్పుడు రైడర్. 70 కిలోల మనిషి గుంతలో దిగినప్పుడు ఒక పెగ్ మీద తన బరువుకి మూడు రెట్లు పడిందనుకుంటే సుమారు 2 కిలోన్యూటన్లు. ఈ బలం రెండు పనులు చేస్తుంది.

ఒకటి, బ్రాకెట్‌ని కిందికి జార్చాలని చూస్తుంది. రెండు బోల్టుల బిగింపు కలిపి 32 కిలోన్యూటన్లు. రాపిడి గుణకం 0.15 వేసుకుంటే 4.8 కిలోన్యూటన్ల దాకా జారదు. మనకి కావాల్సింది 2. హాయిగా ఆగుతుంది.

రెండు, పెగ్ బయటికి పొడుచుకుని ఉంటుంది కాబట్టి బ్రాకెట్‌ని ఫ్రేమ్ నుంచి ఒలిచేయాలని చూస్తుంది. కాలు పడే చోటు 10 సెంటీమీటర్ల బయట, బోల్టుల మధ్య దూరం 5 సెంటీమీటర్లు అనుకుంటే, పై బోల్టు దగ్గర లాగుడు 4 కిలోన్యూటన్లు. 16 బిగింపు ముందు 4 ఎంత? జాయింట్ తెరుచుకోదు.

ఇప్పుడు బిగింపు నాలుగో వంతుకి పడిపోయిందనుకోండి. ఒక్కో బోల్టుకి 4 కిలోన్యూటన్లే మిగిలాయి. రాపిడి 1.2 కిలోన్యూటన్లు, కావాల్సింది 2. జారుతుంది. పై బోల్టు దగ్గర లాగుడు 4, బిగింపు కూడా 4. తెరుచుకునే అంచు మీద ఉంది. బోల్టు అదే, గ్రేడు అదే, రైడర్ అదే. బిగింపు తగ్గేసరికి స్ప్రింగ్ కాస్తా మేకు అయిపోయింది. ఇక ప్రతి గుంతకీ దెబ్బ నేరుగా దాని ఒంటి మీదే.

గట్టి గ్రేడు ఎందుకు సరిపోదు?

ఇది చదివినప్పుడు నాకు బాగా ఆశ్చర్యం వేసింది. ఒకే దెబ్బకి తెగడం వేరు, వేల చిన్న దెబ్బలకి అలిసి తెగడం వేరు. రెండో దాన్ని ఫెటీగ్ అంటారు. 1850, 60 దశకాల్లో ప్రష్యా రైల్వేలో ఆగస్ట్ వోలర్ అనే ఇంజినీరు రైలు ఇరుసుల మీద పరీక్షలు చేసి, లోహం తన పూర్తి బలం కంటే చాలా తక్కువ బరువుకే, అది మళ్లీ మళ్లీ పడితే తెగుతుందని చూపించాడు.

బోల్టు విషయంలో చిక్కేంటంటే, ఈ అలసటని తట్టుకునే శక్తి గ్రేడుతో పెద్దగా పెరగదు. మర మొదట్లో గాడి అంత పదునుగా ఉంటుంది, పగులు అక్కడే మొదలవుతుంది. ఎం8 బోల్టుకి, 8.8 అయినా 12.9 అయినా, లాగుడు సుమారు 4 కిలోన్యూటన్ల మేర పైకీ కిందికీ ఊగుతూ ఉంటే అది ఓర్చుకోగల హద్దు దగ్గరికి వచ్చినట్టే. పైన వదులు జాయింట్‌లో వచ్చిన అంకె కూడా 4 అని గుర్తుందా? దానికి తోడు జారుడు వల్ల వచ్చే వంపు. హద్దు దాటేస్తుంది.

బిగించి ఉన్న జాయింట్‌లో మాత్రం బయటి లాగుడులో కొద్ది భాగమే బోల్టుకి చేరుతుంది, మిగతాది నొక్కుకుని ఉన్న ముక్కలే సర్దుకుంటాయి. ఐదో వంతు చేరిందనుకుంటే 0.8 కిలోన్యూటన్లు. దానికి బోల్టు ఏళ్ల తరబడి అలవకుండా ఉంటుంది.

బిగింపు ఎక్కడికి పోతుంది?

మొదటి దొంగ పెయింట్. బోల్టు బిగించినప్పుడు సాగుతుంది అన్నాను కదా, ఎంత సాగుతుందో తెలుసా? 20 మిల్లీమీటర్ల పట్టు ఉన్న ఎం8 బోల్టు 16 కిలోన్యూటన్లకి సాగేది 0.04 మిల్లీమీటర్లు. తల వెంట్రుక మందం కూడా లేదు. పౌడర్ కోటింగ్ మందం మామూలుగా 0.06 నుంచి 0.1 మిల్లీమీటర్లు ఉంటుంది. బ్రాకెట్‌కీ ఫ్రేమ్‌కీ మధ్య ఆ కోటింగ్ పెట్టి బిగిస్తే, నాలుగు రైడ్లకి అది నలిగి 0.02 మిల్లీమీటర్లు తగ్గిందంటే సగం బిగింపు గోవిందా. బోల్టు ఒక్క డిగ్రీ కూడా తిరగలేదు, కానీ సగం వదులైంది. మట్టి, తుప్పు, బొగ్గు దుమ్ము ఇరుక్కున్నా ఇదే కథ.

రెండో దొంగ పక్కకి జారే కుదుపు. 1969లో గెర్హార్డ్ యుంకర్ అనే జర్మన్ ఇంజినీరు చూపించింది ఇదే. బోల్టు పొడవునా వచ్చే కుదుపు కంటే, ముక్కలు అడ్డంగా జారే కుదుపుకి బోల్టు దానంతట అదే ఊడి వస్తుంది. ఈ పరీక్షల్లో మనం నమ్ముకునే మామూలు స్ప్రింగ్ వాషర్ దాదాపు ఏ సాయమూ చేయలేదు.

రెండిటినీ కలపండి. పెయింట్ నలుగుతుంది, బిగింపు తగ్గుతుంది, బ్రాకెట్ జారుతుంది, జారినందుకు బోల్టు తిరుగుతుంది, ఇంకా వదులవుతుంది. బ్రేక్ లేని లూప్.

చెకప్ ఐదు నిమిషాలే

బండిని కదలకుండా నిలబెట్టి పెగ్‌ని చేత్తో పైకీ కిందికీ ఆడించండి. పెగ్ దాని పిన్ను దగ్గర కొంచెం ఆడటం మామూలే. బ్రాకెట్‌కీ ఫ్రేమ్‌కీ మధ్య వేలు పెట్టి చూడండి, అక్కడ కదలిక తెలిస్తే తప్పు. బ్రాకెట్ అంచున సన్నటి ఎర్ర పొడి గానీ నల్ల పొడి గానీ కారుతుంటే రెండు ఇనుప ముఖాలు రాసుకుంటున్నాయని అర్థం. పెయింట్ మీద మెరిసే గీత కనబడినా అంతే.

బోల్టు ఇప్పటికే విరిగి ఉంటే ముక్క పారేయకండి, అదే మీ ఎర్రర్ లాగ్. విరిగిన ముఖం మీద గవ్వ మీద ఉన్నట్టు నున్నటి గీతలు వరసగా ఉండి, ఒక మూల మాత్రమే గరుకుగా ఉంటే, అది నెలల తరబడి అలిసి తెగింది, అంటే బిగింపు పోయి చాలా రోజులైంది. ముఖమంతా గరుకుగా ఉండి, మెడ సన్నగా సాగి ఉంటే ఒకే దెబ్బకి గానీ, అతిగా బిగించడం వల్ల గానీ పోయినట్టు.

బాగు చేయడం: మూడు మెట్లు

మొదటి మెట్టు, బోల్టు బాగానే ఉండి వదులైతే. కొన్ని బండ్లలో సైడ్ స్టాండ్ కూడా ఎడమ బ్రాకెట్‌కే ఉంటుంది, కాబట్టి ముందు బండికి వేరే ఆసరా పెట్టండి. బ్రాకెట్ విప్పి, రెండు ముఖాలూ ఒకదానికొకటి తగిలే చోట మాత్రం పెయింట్, తుప్పు గీకేసి నున్నగా చేయండి. బయట అంచుల పెయింట్ ముట్టుకోవద్దు, వానకి తుప్పు పడుతుంది. మరలు వైర్ బ్రష్‌తో తోమి, పెట్రోల్‌తో నూనె పోయేలా కడిగి, పూర్తిగా ఆరనివ్వండి. ఈ పని ఆరుబయట, మంటకి దూరంగా చేయాలి.

తర్వాత మీడియం రకం థ్రెడ్‌లాకర్, అదే నీలం రంగుది, రెండు చుక్కలు వేయండి. రెండు బోల్టులూ చేత్తో పట్టించి, మార్చి మార్చి సగం టార్క్‌కి, తర్వాత పూర్తి టార్క్‌కి బిగించండి. టార్క్ అంకె మీ బండి మాన్యువల్‌లోదే వాడాలి. థ్రెడ్‌లాకర్ పూర్తిగా గట్టిపడటానికి ఒక రోజు టైమ్ ఇవ్వండి.

టార్క్ రెంచి లేదా? షాపులో అడిగి వాడుకోండి. అలవాటు కోసం ఒక అందాజా: 25 న్యూటన్ మీటర్లంటే పావు మీటరు పొడవున్న పానా చివర 10 కిలోల బలంతో లాగినట్టు. మనలో చాలామంది బలమంతా పెట్టి లాగుతాం. మా దగ్గర ఒక మెకానిక్ అన్న ఎప్పుడూ అనే మాట: "తమ్మీ, బోల్టు నీ మీద పగ పట్టలే, గంత గుంజకు." ఎక్కువ బిగిస్తే బోల్టు సాగిపోయి స్ప్రింగ్ గుణం పోతుంది. మరలకి గ్రీజు పూసి అదే టార్క్ పెట్టినా ప్రమాదమే. మనం పెట్టే టార్క్‌లో పదో వంతే బిగింపుకి పోతుంది, మిగతాదంతా తల కింద, మరల మధ్య రాపిడి తినేస్తుంది. ఆ రాపిడి తగ్గితే బిగింపు అమాంతం పెరుగుతుంది.

రెండో మెట్టు, బోల్టు మార్చాల్సి వస్తే. విరిగింది ఒకటే అయినా ఆ బ్రాకెట్‌కి రెండూ మార్చండి, రెండోది కూడా అన్ని దెబ్బలూ తిన్నదే. వ్యాసం, మర పిచ్, పొడవు, గ్రేడు నాలుగూ కలవాలి. ఉక్కు ఫ్రేమ్‌లో మర పట్టు కనీసం బోల్టు వ్యాసమంత, అల్యూమినియంలో ఒకటిన్నర నుంచి రెండింతలు ఉండాలి. తళతళలాడుతుందని స్టెయిన్‌లెస్ బోల్టు వేయకండి. మామూలుగా దొరికే ఏ2-70 రకం 8.8 కంటే బలహీనం, 450 దగ్గరే సాగుతుంది, 8.8 అయితే 640 దాకా ఆగుతుంది. 12.9 కూడా ఆలోచించి వేయాలి. జింక్ పూత పూసిన 12.9లో హైడ్రోజన్ చేరి పెళుసుగా మారే ప్రమాదం ఉంది. మాన్యువల్ ఏది చెబితే అదే, చెప్పకపోతే తలమీద ఉన్న పాత గ్రేడే.

మూడో మెట్టు, ఫ్రేమ్‌లో మరే అరిగితే లేదా విరిగిన ముక్క లోపల ఉండిపోతే. ఇది రూమ్ ముందు చేసే పని కాదు, లేత్ షాపుకి తీసుకెళ్లాలి. అయినా వాళ్లు ఏం చేస్తున్నారో మనకి తెలియాలి. లోపలి ముక్క తీయడానికి దాని మధ్యలో సరిగ్గా పంచ్ కొట్టి, ఎడమ చేతి వాటం డ్రిల్‌తో తొలుస్తారు, చాలాసార్లు ముక్క దానికే తిరిగి వచ్చేస్తుంది. లేకపోతే ముక్క మీద నట్ వెల్డ్ చేసి తిప్పుతారు. వెల్డింగ్ అంటే ముందు బ్యాటరీ, ఈసీయూ కనెక్షన్లు తీయమని అడగండి. అరిగిన మరకి హెలికాయిల్ వేస్తే అదే సైజు బోల్టు మళ్లీ వాడొచ్చు. ఎం10కి పెంచితే వైశాల్యం 36.6 నుంచి 58కి పెరుగుతుంది, కానీ చుట్టూ గోడ పల్చబడుతుంది. అక్కడ మందం చూడకుండా ఒప్పుకోవద్దు.

ఫ్రేమ్ వెనక చోటు ఉంటే ఇంకో మంచి దారి, ఆర్‌పార్ రంధ్రం చేసి పొడవాటి బోల్టు దూర్చి అవతల లాక్ నట్ పెట్టడం. పట్టు 20 నుంచి 40 మిల్లీమీటర్లు అయితే సాగుడు రెట్టింపు అవుతుంది, కాబట్టి కొంచెం పెయింట్ నలిగినా బిగింపు అంతగా పడిపోదు. గొట్టం గుండా వెళితే మాత్రం లోపల స్లీవ్ ఉండాలి, లేదంటే గొట్టమే నలుగుతుంది. అమెరికాలో కవాసాకీ కేఎల్‌ఆర్650 వాళ్లు వెనక సబ్‌ఫ్రేమ్ పై బోల్టులు విరుగుతుంటే చాలా ఏళ్లు ఇదే పద్ధతి వాడారు. 2022 మోడల్‌లో కంపెనీ వెనక ఫ్రేమ్‌ని మెయిన్ ఫ్రేమ్‌తోనే కలిపేసింది. జాయింటే లేకపోతే బోల్టు గొడవే లేదు.

మరి మనం కూడా బ్రాకెట్‌ని ఫ్రేమ్‌కి వెల్డ్ చేసేస్తే? వద్దు. కంపెనీ డిజైన్ చేసి కలపడం వేరు, మనం రోడ్డు పక్కన అతికించడం వేరు. వెల్డ్ వేడికి పక్కన ఉక్కు గుణం మారుతుంది. బండి పడినప్పుడు వంగాల్సిన బ్రాకెట్ వంగదు, పగులు ఫ్రేమ్‌కి వెళుతుంది. బ్రాకెట్ మార్చుకోవచ్చు, ఫ్రేమ్ మార్చడమంటే బండి మార్చినట్టే.

కంటికి సరిపోయింది, కానీ

షాపులో పాత బోల్టు పక్కన పెట్టి "ఇదే సైజు" అని ఇచ్చేస్తారు, మనం తెచ్చేసుకుంటాం. 1990 జూన్ 10న బ్రిటిష్ ఎయిర్‌వేస్ 5390 విమానం ఇంగ్లండ్ మీదుగా ఎగురుతుండగా కాక్‌పిట్ అద్దం ఊడిపోయింది. కెప్టెన్ టిమ్ లాంకాస్టర్ సగం బయటికి లాగబడ్డాడు, సిబ్బంది కాళ్లు పట్టుకుని ఆపారు, ఆయన బతికాడు. అంతకు ముందు రోజే ఆ అద్దం మార్చారు. 90 బోల్టుల్లో 84 సన్నవి పడ్డాయి, తేడా 0.026 అంగుళాలు, అంటే సుమారు 0.66 మిల్లీమీటర్లు. మిగతా ఆరు పొట్టివి. పాత బోల్టు పక్కన పెట్టి కంటితో పోల్చి ఎంచుకున్నవి అవి. విమానాల వాళ్లకే ఒక వర్నియర్ కొలత అంత ముఖ్యమైతే, మనం అర నిమిషం పెట్టలేమా?

చివరగా చేయాల్సింది

బిగించడం అయ్యాక బోల్టు తల మీద నుంచి బ్రాకెట్ మీదకి పెయింట్ మార్కర్‌తో ఒక గీత గీయండి. మొదటి 50, 100 కిలోమీటర్ల తర్వాత గీత చూడండి. కలిసే ఉంటే బోల్టు తిరగలేదు. గీత పెయింట్ నలగడాన్ని మాత్రం చూపించదు, అందుకే టార్క్ రెంచి అదే అంకెకి పెట్టి ఒకసారి ఆనించండి. బోల్టు కదలకుండా రెంచి క్లిక్ అంటే సరే. కదిలితే థ్రెడ్‌లాకర్ పట్టు వదిలినట్టే, మళ్లీ విప్పి మొదటి మెట్టు నుంచి చేయాలి. ఆ తర్వాత మట్టి దారిలో పెద్ద రైడ్ అయిన ప్రతిసారీ బండి కడిగేటప్పుడు ఆ నాలుగు గీతలూ చూడండి.

ఇంకో మాట. గని ఓబీ కుప్పల మీదకి, శివ్వారం అభయారణ్యంలోకి బండ్లతో పోవద్దు. అక్కడ బోల్టు ఎంత గట్టిగా ఉన్నా మనకి పని లేదు. మన దారులు మనకి చాలానే ఉన్నాయి. వాటి మీద నిలబడే ముందు, మనం దేని మీద నిలబడుతున్నామో ఒకసారి పానా పెట్టి చూసుకుంటే చాలు.